బ్రిగమ్ యంగ్ పేరిట వచ్చిన ఉత్తరాలు చదవడం ఎలా?

1835 డిసెంబరులో, అమెరికాలో మార్మన్లు అనే క్రైస్తవ శాఖను మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్ తమ చర్చి పత్రికలో ఒక చిన్న ప్రకటన వేయించారు. తనకు పోస్టులో ఉత్తరాలు రాసేవాళ్లు దయచేసి పోస్టేజీ కూడా వాళ్లే కట్టి పంపాలని కోరారు. అయినవాళ్ల కబుర్ల కోసమైతే డబ్బు కట్టుకోవడానికి తనకు అభ్యంతరం లేదు గానీ, తిట్లకూ బెదిరింపులకూ తన జేబులోంచి కట్టలేనని, డబ్బు కట్టని ఉత్తరాలు ఇకమీదట తీసుకోనని దాని సారాంశం. అప్పట్లో అమెరికాలో ఉత్తరం ఖర్చు చాలావరకు అందుకున్నవాళ్ల నెత్తినే పడేది. నాలుగు వందల మైళ్లు దాటితే ఒక్క కాగితానికి 25 సెంట్లు. రెండు కాగితాలుంటే రెట్టింపు.

ఈ ప్రకటన సంగతి తెలిశాకే నాకు ఆ ఉత్తరాల మీద ఆసక్తి పుట్టింది. మార్మన్ల చర్చిని జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించారు. 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో ఒక గుంపు ఆయన్ని కాల్చి చంపింది. ఆ తర్వాత ఎక్కువమందిని వెంటబెట్టుకుని బ్రిగమ్ యంగ్ 1847 జులైలో ఇప్పటి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ లోయకు చేరుకున్నారు. 1877లో చనిపోయేదాకా ఆయనే నాయకుడు. ఆ ముప్పై ఏళ్లలో ఆయనకు వచ్చినన్ని రకాల ఉత్తరాలు ఏ కలెక్టరాఫీసుకూ వచ్చి ఉండవేమో. కాలువ నీళ్ల తగాదాలు, పెళ్లికి అనుమతులు, విడాకుల అర్జీలు, తప్పిపోయిన అన్నదమ్ముల కోసం వాకబులు, సంతకం పంపమనే సరదారాయుళ్లు, యంత్రాలు అమ్మజూపే వ్యాపారులు, అన్నీ అందులోనే.

వాటిని చదవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాత చేతిరాతల్ని టైపు చేసే వాలంటీర్ పనిలో కొత్తగా చేరినవాళ్లకూ, చరిత్ర విద్యార్థులకూ, ఊరికే కుతూహలం ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. ముందే ఒక మాట. ఇవి నాయకుడి చరిత్ర కోసం దాచిన కాగితాలే అయినా, వీటిలో ఎక్కువగా తెలిసేది రాసినవాళ్ల గురించే. ఆ దృష్టితో చదివితేనే రుచి.

ఎక్కడ వెతకాలి

సాల్ట్ లేక్ సిటీలో చర్చి హిస్టరీ లైబ్రరీ ఉంది. దాని కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉచితం. బ్రిగమ్ యంగ్ ఆఫీసు కాగితాలకు అక్కడ సీఆర్ 1234 1 అనే నంబరు. వాటిలో చాలావరకు స్కాన్ చేసి పెట్టారు. తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటే. వచ్చిన సాధారణ ఉత్తరాలను విషయాన్నిబట్టి కాకుండా ముందు సంవత్సరం, ఆ సంవత్సరంలో రాసినవాళ్ల ఇంటిపేరు మొదటి అక్షరం, ఈ వరసలో సర్దారు. అంటే "నీటి తగాదాలు" అని వెతికితే లాభం లేదు. 1855లో ఫలానా ఇంటిపేరు అని వెళ్లాలి. ఎవరి పేరూ తెలియకపోతే ఏదో ఒక సంవత్సరం, ఏదో ఒక అక్షరం తీసుకుని వరసగా చదువుకుంటూ పోండి. నేను అలాగే మొదలుపెట్టాను.

జోసెఫ్ స్మిత్‌కు వచ్చినవైతే జోసెఫ్ స్మిత్ పేపర్స్ వెబ్‌సైట్లో ఫొటో, టైపు చేసిన పాఠం పక్కపక్కనే దొరుకుతాయి. నాలుగో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ కాగితాలకు కూడా విడిగా ఒక వెబ్‌సైట్ ఉంది. చేతిరాత నేర్చుకోవడానికి ఇవే మంచి బడి. ముందు ఫొటో చూసి మీరే రాసుకోండి, తర్వాత వాళ్ల పాఠంతో సరిపోల్చుకోండి. పది ఉత్తరాలు అలా చేస్తే కన్ను అలవాటు పడుతుంది.

లోపలికి వెళ్లే ముందు బయట చూడండి

అందరూ నేరుగా లోపలి మాటల్లోకి దూకుతారు. ముందు బయటి మడత చూడండి. 1840ల మధ్యదాకా కవరు వాడకం తక్కువ. కవరు పెడితే అది కూడా ఒక కాగితం కింద లెక్కే. అందుకే ఒకే పెద్ద కాగితం మీద రాసి, మడిచి, లక్కతో అంటించి, ఖాళీ పక్క మీద చిరునామా రాసేవాళ్లు. మన ఇన్లాండ్ లెటర్ లాగే అనుకోండి. విప్పేటప్పుడు లక్క దగ్గర కాగితం చిరిగేది. అందుకే చాలా ఉత్తరాల్లో ఒక అంచున గుండ్రటి చిరుగు, దాంతోపాటు రెండు మూడు మాటలు మాయం. ఆ చిరిగిన ముక్క ఒక్కోసారి ఎదుటి అంచున లక్కకే అతుక్కుని ఉంటుంది. స్కాన్‌లో ఆ వైపు కూడా చూడండి.

తర్వాత పోస్టు గుర్తులు. 1845లో రేట్లు తగ్గాయి. మూడు వందల మైళ్ల లోపు 5 సెంట్లు, దాటితే 10. స్టాంపులు వచ్చింది 1847లో. 1851 నుంచి ముందే కడితే మూడు వేల మైళ్ల దాకా 3 సెంట్లే. కాబట్టి తేదీ లేని ఉత్తరం మీద 25 అని రాసి ఉంటే ఒక కాలం, 3 సెంట్ల స్టాంపు ఉంటే ఇంకో కాలం. అసలు పోస్టు గుర్తే లేకపోతే ఎవరో మనిషి చేతికిచ్చి పంపారన్నమాట. యూటాలో అది మామూలే. చలికాలంలో మంచు పడితే టపా నెలల తరబడి ఆగిపోయేది.

ఇక మడత మీద వేరే చేతిరాతలో రాసినవాళ్ల పేరు, ఊరు, తేదీ అడ్డంగా కనిపిస్తాయి. అది ఆఫీసు గుమాస్తా రాసుకున్నది. దీన్నే డాకెట్ అంటారు. లోపలి సంతకం అర్థం కాకపోతే ఇది ప్రాణదాత. గుమాస్తాకు ఆ మనిషి తెలుసు, మనకు తెలియదు. కాకపోతే అందులో తేదీ ఉత్తరం రాసిన రోజుదో, అందిన రోజుదో ఒక్కోసారి తేలదు. దాన్నొక్కదాన్నే నమ్మొద్దు.

చిరునామాలో సంబోధన కూడా గమనించండి. బ్రిగమ్ యంగ్ ఒకే కుర్చీలో కూర్చుని చాలా పనులు చేసిన మనిషి. చర్చి అధ్యక్షుడు సరే, 1851 నుంచి 1858లో ఆల్ఫ్రెడ్ కమింగ్ వచ్చి బాధ్యత తీసుకునేదాకా యూటా టెరిటరీ (అప్పటికింకా రాష్ట్రం కాని ప్రాంతం) గవర్నరు కూడా. స్థానిక తెగల వ్యవహారాల సూపరింటెండెంటు కూడా ఆయనే. "బ్రదర్" అని మొదలుపెట్టినవాడు ఒక రకంగా అడుగుతాడు, "హిజ్ ఎక్సలెన్సీ" అన్నవాడు ఇంకో రకంగా. ఒకే మనిషి రెండు నెలల తేడాలో రెండు రకాలుగా రాయడం కూడా చూస్తారు. ఆ మార్పు ఎందుకొచ్చిందో ఆలోచిస్తే సగం కథ అక్కడే దొరుకుతుంది.

చేతిరాతతో కుస్తీ

ఇక్కడే ఎక్కువమంది వదిలేస్తారు. పాత కరణాల గొలుసుకట్టు రాత చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. పద్ధతి కూడా అదే. తెలిసిన మాటల్నుంచి తెలియని మాటలకు వెళ్లాలి.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి ఉత్తరంలోనూ ఖాయంగా ఉండే మాటలు కొన్ని ఉంటాయి. ఊరి పేరు, నెల పేరు, "డియర్ బ్రదర్", చివర సంతకం. వాటిలో అక్షరాలు ఎలా వేశారో చూసి కాగితం మీద అచ్చం అలాగే గీసుకోండి. సెప్టెంబరు అన్న మాట ఒక్కటి దొరికితే చాలు, ఎస్, పి, టి, ఎమ్, బి, ఆర్ చేతికొచ్చినట్టే. తర్వాత మధ్యలో గజిబిజిగా ఉన్న మాటను ఈ పట్టికతో పోల్చండి. ఈ పట్టిక ఆ ఒక్క చేతికే. వేరే మనిషి ఉత్తరం తీస్తే మళ్లీ కొత్తది.

నేను పడ్డ గొయ్యి ఒకటి చెబుతాను. ఆ రోజుల్లో జంట ఎస్ వచ్చినప్పుడు మొదటి ఎస్‌ను పొడుగ్గా, అచ్చం ఎఫ్‌లా రాసేవాళ్లు. అది తెలియక "మిస్" అన్నదాన్ని "మిఫ్స్" అని చదివి, అదేదో ఇంటిపేరనుకుని, ఆ ఇంటిపేరుతో ఒకావిడ కోసం సాయంత్రమంతా వెతికాను. దొరక్కపోవడంలో వింతేముంది!

స్పెల్లింగ్ గురించి టెన్షన్ పడకండి. చాలామంది విన్నట్టుగానే రాశారు. బ్రిగమ్ యంగ్ స్వయంగా రాసిన పాత ఉత్తరాల్లోనూ స్పెల్లింగు అలాగే ఉంటుంది. అర్థం కాని మాటను పైకి చదవండి, చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ల యాస, డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్ల యాస కాగితం మీదే వినబడుతుంది. టైపు చేసేటప్పుడు మాత్రం ఆ తప్పుల్ని దిద్దొద్దు. ఉన్నది ఉన్నట్టు. అనుమానం ఉన్న మాటను చదరపు బ్రాకెట్లో పెట్టి ప్రశ్నార్థకం వేయండి. అసలు అర్థం కానిదాన్ని ఊహించి నింపడం కన్నా "చదవరాలేదు" అని వదిలేయడమే నిజాయతీ.

పొట్టి రూపాలు ఇంకో తలనొప్పి. మన పెద్దలు చి.ల.సౌ., మ.రా.రా.శ్రీ అని రాసినట్టే వీళ్లకూ ఉన్నాయి. ప్రెసిడెంట్, బ్రదర్ లాంటివి సగం రాసి చివరి అక్షరాన్ని పైన చిన్నగా పెడతారు. విలియమ్ అంటే డబ్ల్యూ, పైన ఎమ్. జాన్ అంటే జె, ఎన్, ఓ. జి.ఎస్.ఎల్. సిటీ అంటే గ్రేట్ సాల్ట్ లేక్ సిటీ. 1868లో ఊరి పేరులోంచి ఆ "గ్రేట్" తీసేశారు కాబట్టి ఇది తేదీకి కూడా ఆధారమే. తేదీల దగ్గర "ఇన్‌స్ట్" అంటే ఈ నెల, "అల్ట్" అంటే పోయిన నెల. మార్చి 3న రాసిన ఉత్తరంలో "20 అల్ట్" అంటే ఫిబ్రవరి 20. ఈ రెండూ గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

రాసిన కాగితాన్నే పక్కకు తిప్పి, ఆ వాక్యాల మీదుగా అడ్డంగా మళ్లీ రాసినవి కనిపిస్తే కంగారు పడకండి. కాగితం, పోస్టేజీ పొదుపు అంతే. ఒక దిక్కు మీదే కన్ను నిలిపి చదివితే రెండోది వెనక్కి తగ్గిపోతుంది. అస్సలు ఇంగ్లీషులా లేని అక్షరాలు కనిపిస్తే అది డెసెరెట్ లిపి కావచ్చు. 1850లలో మార్మన్లు ఇంగ్లీషు కోసం తయారుచేసుకున్న 38 అక్షరాల లిపి. ఎక్కువకాలం నిలవలేదు. పట్టిక పెట్టుకుంటే చదవచ్చు.

మొదటి నాలుగు లైన్లలో ఏ సమాచారమూ లేదనిపిస్తే అదీ మామూలే. "ఉభయకుశలోపరి" తర్వాతే కదా మనవాళ్లూ అసలు సంగతికి వచ్చేది. వాళ్లూ కలం చేతపట్టానని, దేవుడి దయవల్ల క్షేమమని రాసి, అప్పుడు అప్పు సంగతి ఎత్తుతారు.

జవాబు వెతకండి

వచ్చిన ఉత్తరం సగం సంభాషణే. మిగతా సగం వేరే పుస్తకంలో ఉంటుంది. బ్రిగమ్ యంగ్ ఆఫీసు నుంచి వెళ్లే ఉత్తరాలకు నకలు తీసే పద్ధతి ఉండేది. కాపీయింగ్ సిరాతో రాసిన ఉత్తరం మీద ఉల్లిపొర లాంటి పల్చటి తడి కాగితం పెట్టి ప్రెస్సులో బిగిస్తే సిరా దానికి అంటుకునేది. అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి గానీ కాగితం పల్చన కాబట్టి అవతలి వైపు నుంచి చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. అలాంటి కాగితాలు కుట్టిన పుస్తకాలే లెటర్‌ప్రెస్ కాపీ పుస్తకాలు. సిరా చెదిరి, కొన్ని పేజీలు పొగమంచులో చదువుతున్నట్టు ఉంటాయి.

వీటి విలువ ఎంతో తెలియాలంటే 1857 సెప్టెంబరు చూడాలి. అమెరికా సైన్యం యూటా మీదికి వస్తోందన్న ఉద్రిక్తత. అదే సమయంలో ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న బళ్ల బృందం దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర దాడిలో చిక్కుకుంది. సీడర్ సిటీలో స్థానిక నాయకుడు ఐజాక్ హైట్ ఏం చేయమంటారని అడుగుతూ బ్రిగమ్ యంగ్‌కు చీటీ రాసి జేమ్స్ హాస్లమ్ అనే రౌతుతో పంపాడు. దాదాపు 250 మైళ్లు. అతను 10వ తేదీన సాల్ట్ లేక్ చేరి, జవాబు తీసుకుని ఆ రోజే వెనుదిరిగి, 13న సీడర్ సిటీ చేరాడు. అప్పటికే 11న స్థానిక మార్మన్ మిలీషియా (ఊరివాళ్లతో కట్టిన సాయుధ దళం), వారితో చేరిన కొందరు పైయూట్ తెగవాళ్లు కలిసి దాదాపు 120 మందిని చంపేశారు.

హైట్ రాసిన ఆ చీటీ దొరకలేదు. దొరికింది జవాబు నకలే. దాని మొదటి వాక్యం చూడండి: "7వ ఇన్‌స్ట్ నాటి మీ చీటీ అందింది" అన్న అర్థంలో ఉంటుంది. జవాబు తేదీ సెప్టెంబరు 10. అంటే పోయిన చీటీ తేదీ సెప్టెంబరు 7. "ఇన్‌స్ట్" అన్న ఒక్క పొట్టిమాట ఆధారంగా లేని ఉత్తరానికి తేదీ దొరికింది. తర్వాతి వాక్యాల్నిబట్టి అడిగినదేమిటో కూడా కొంత ఊహించవచ్చు. దారిన పోయే బళ్ల జోలికి వెళ్లొద్దని, ఇండియన్లు వాళ్లకు తోచినట్టు చేస్తారని అనుకుంటున్నామని, అయినా వాళ్లతో సఖ్యత చెడకుండా చూసుకోమని ఆ జవాబు. ఈ చివరి మాటల అర్థమేమిటన్న దాని మీద చరిత్రకారుల వాదన ఇంకా తెగలేదు. ప్రశ్న కాగితం చేతిలో ఉంటే అది చాలావరకు తేలేది.

మీరూ ఇదే చేయండి. ఉత్తరం తేదీ తర్వాత రెండు మూడు నెలల కాపీ పుస్తకాల్లో ఆ పేరు వెతకండి. జవాబు మొదటి వాక్యంలో దాదాపు ఎప్పుడూ మీ ఉత్తరం తేదీ ఉంటుంది. 1861 అక్టోబరులో టెలిగ్రాఫ్ తీగ సాల్ట్ లేక్‌లో కలిశాక మాత్రం అత్యవసర సంగతులు తంతి దారి పట్టాయి. ఉత్తరాల్లో హఠాత్తుగా ఖాళీ కనిపిస్తే టెలిగ్రాముల ఫైలు కూడా చూడాలి.

ఇది అసలా, నకలా, దొంగదా

1839 మార్చి 7న ఎమ్మా స్మిత్ తన భర్త జోసెఫ్‌కు రాసిన ఉత్తరం చదివి తీరాలి. ఆయన మిస్సోరిలో లిబర్టీ జైల్లో ఉన్నారు. ఆమె పిల్లల్ని తీసుకుని ఇల్లు వదిలి ఇల్లినాయ్‌లోని క్విన్సీకి వచ్చేసింది. తన రాత వంకరటింకరగా ఉన్నందుకు, మాటలు పొంతన లేకుండా ఉన్నందుకు క్షమించమంటుంది. పని చేసి చేసి చేతులు బిరుసెక్కి, గుండె ఆందోళనతో కొట్టుకుంటుంటే రాయడం ఎంత కష్టమో ఊహించుకోమంటుంది. ఇది చదివి ఆ వంకర అక్షరాలు చూద్దామని ఫొటో తెరిస్తే నీటైన రాత కనిపిస్తుంది. ఎందుకంటే మనకు మిగిలింది గుమాస్తా లెటర్‌బుక్‌లోకి ఎక్కించిన నకలు. ఆమె చేతులు ఎలా ఉన్నాయో చెప్పే మాట మిగిలింది, ఆ చేతుల గుర్తు మిగల్లేదు. అందుకే ప్రతి ఫొటో కింద ఇచ్చే వివరం చదివి, ఇది ఎవరి చేతిరాతో తెలుసుకున్నాకే రాత గురించి వ్యాఖ్యానించండి.

దొంగ ఉత్తరాల గురించి కూడా ఒక మాట. 1980లలో మార్క్ హాఫ్‌మన్ అనేవాడు పాత మార్మన్ పత్రాలు ఎన్నో సృష్టించి అమ్మాడు. నిపుణులే నమ్మారు. గుట్టు బయటపడుతుందన్న భయంతో 1985 అక్టోబరులో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. మైక్రోస్కోపు కింద అతని సిరా మీద కనిపించిన సన్నటి పగుళ్లు కేసులో కీలకమయ్యాయి. మనం ఆన్‌లైన్‌లో చూసేవాళ్లం మైక్రోస్కోపు పట్టలేం గానీ, ఒక ఉత్తరం ఎవరి చేతుల మీదుగా లైబ్రరీకి వచ్చిందో కేటలాగ్‌లో చదవగలం. సోషల్ మీడియాలో ఒక్క వాక్యం కత్తిరించి పెట్టిన ఉత్తరాలను, అవి పొగిడేవైనా తిట్టేవైనా, మూలం చూసేదాకా పక్కన పెట్టండి.

రాసినవాళ్లెవరు

పేరు, ఊరు దొరికితే ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్లో వెతకండి, ఉచితమే. చర్చి వాళ్ల జీవితచరిత్రల డేటాబేస్‌లో ఎవరు ఏ ఏడు ఏ బృందంతో మైదానాలు దాటి వచ్చారో కూడా ఉంటుంది. 1880, 90ల ఉత్తరాల్లో ఒక రకం మీకు తరచూ తగులుతుంది. మిషన్‌కు, అంటే మతప్రచారానికి, వెళ్లమని పిలుపు వచ్చినవాడు బ్రిగమ్ యంగ్ తర్వాతి అధ్యక్షులైన జాన్ టేలర్‌కో, వుడ్రఫ్‌కో రాసిన జవాబు. వస్తానంటాడు, కానీ అప్పుంది, పంట చేతికి రాలేదు, ఇల్లు సగంలో ఉంది, కొంచెం గడువివ్వమంటాడు. కింద స్థానిక బిషప్ సంతకం. ఇలాంటి ఉత్తరాన్ని ఒంటరిగా కాకుండా అదే ఊరి నుంచి వచ్చిన నాలుగైదింటితో కలిపి చదవండి, ఆ ఏడు ఆ ఊళ్లో పంట ఎలా ఉందో తెలిసిపోతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

కొన్ని మాటలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఇక్కడ బిషప్ అంటే మెదక్ బిషప్ లాంటి పెద్ద హోదా కాదు, ఒక్క పేట సంఘానికి పెద్ద, జీతం లేని మనిషి. వార్డు అంటే ఆ సంఘమే, మున్సిపాలిటీ వార్డు కాదు. ఎల్డర్ అనేది చర్చిలో ఒక హోదా పేరు, దాన్ని "పెద్దాయన" అని అనువదిస్తే ఇరవై ఏళ్ల కుర్రాడు ముసలివాడైపోతాడు. సెయింట్ అంటే మామూలు సభ్యుడు. జెంటైల్ అంటే మార్మన్ కానివాడు. "బ్రదర్"ను మాత్రం బ్రదర్ అనే ఉంచండి. మన దగ్గర చర్చికి వెళ్లేవాళ్లు రోజూ అనే మాటే.

"ఇండియన్" దగ్గర మరీ జాగ్రత్త. యూటా ఉత్తరాల్లో అది అక్కడి తెగలవాళ్లు. కానీ 1852 ఆగస్టులో చర్చి కొందరిని హిందూస్తాన్‌కు పంపింది. వాళ్లు 1853లో కలకత్తాలో దిగారు. అందులో రిచర్డ్ బాలంటైన్ అదే ఏడు మద్రాసు వచ్చి, కొంతకాలం కరపత్రాలు వేసి, ఒళ్లు పాడై వెనక్కి వెళ్లిపోయారు. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కాబట్టి 1853, 54 ఉత్తరాలు తీసినప్పుడు ముందు పైన ఊరి పేరు చూసుకోండి. సీడర్ సిటీ అని ఉంటే ఇండియన్లు వాళ్లు, మద్రాసు అని ఉంటే మనం.